చొక్కా పట్టీలు

సెల్యూట్ చేయగానే చొక్కా ప్యాంటులోంచి మళ్లీ పైకొచ్చింది. అరగంటలో అగ్నిమాపక దళంలో ఆమె మొదటి పరేడ్.

"మంటలు తర్వాత. ముందు చొక్కాను అదుపు చెయ్యి," అన్నాడు అదే దళంలో రిటైరైన నాన్న.

"నీది ముప్పై ఏళ్లు ఎలా కదల్లేదట?"

"క్రమశిక్షణ!" అంటూనే రెండు ఎలాస్టిక్ పట్టీలు తీశాడు. చొక్కా అంచును కిందికి లాగి మేజోళ్లకు బిగించే పట్టీలవి.

"ఎంత దొంగ నాన్నా నువ్వు!"

"కుట్టిందీ, రోజూ తగిలించిందీ మీ అమ్మే." ఆయన మోకాళ్ల మీద కూర్చుని క్లిప్పులను అటూ ఇటూ తిప్పాడు. "ఏది ఎటో తెలియదమ్మా. నేనెప్పుడూ కిందికి చూడలేదు."

అమ్మ పోయిన నెలకు జరిగిన తన రిటైర్మెంట్ వీడ్కోలు సభకు, మండుటెండలో నాన్న కోటెందుకు వేసుకున్నాడో ఆమెకిప్పుడు అర్థమైంది.

పక్కనే కూర్చుంది. "ఇటివ్వు, ఇద్దరం నేర్చుకుందాం. ఇకనైనా నీకు కోటు బాధ తప్పుతుంది."