ఎడమకి పోయిన బంతి

ఐదో అధ్యాయాన్ని వెర్నన్ రెండోసారి తిరగేశాడు, కళ్ళజోడు తుడుచుకుని మరీ. తన పేరు లేదు.

"లైల్ హాస్కిన్స్‌కి ఎన్ని పేజీలిచ్చారు?" అడిగింది భార్య ఆర్లీన్, స్టేడియం మెట్ల మీద కాళ్ళకి దుప్పటి కప్పుకుంటూ.

"నాలుగు. ఫోటోలు కాక."

హార్మన్, బ్లూ ఫోర్క్ యూనివర్సిటీలు నదికి చెరో ఒడ్డున ఉండి నూట పదిహేడేళ్ళుగా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొట్టుకుంటున్నాయి. ఆ చరిత్రంతా పుస్తకం వేసి ఇవాళ గేటు దగ్గర అమ్ముతున్నారు. హార్మన్ జట్టు గుర్తుగా పెంచుకునే కంచరగాడిదని బ్లూ ఫోర్క్ వాళ్ళు ఎత్తుకుపోయిన ముచ్చటకి కూడా ఒక పేజీ ఉంది. గాడిదకి దొరికిన చోటు వెర్నన్‌కి దొరకలేదు.

యాభై ఏళ్ళ కిందటి సంగతి. ఆట నాలుగు సెకన్లలో ముగుస్తుంది. వెర్నన్ ఆడే హార్మన్ జట్టు ఒక్క పాయింటు ముందుంది. బ్లూ ఫోర్క్ కుర్రాడు లైల్ బంతిని తన్ని రెండు గుంజల మధ్య నుంచి పంపిస్తే గెలుపు వాళ్ళది. తన్నాడు. ఎడమకి పోయింది.

పోలేదు, పోగొట్టింది తనేనని వెర్నన్ వాదన. అడ్డంగా ఎగిరినప్పుడు అతని మధ్యవేలి కొస బంతికి తగిలింది. ఆ వేలు ఇప్పటికీ వంకరే. కానీ ఎవరూ చూడలేదు, కెమెరాకీ చిక్కలేదు. చెప్తే సొంత కోచ్ కూడా నవ్వాడు.

పేరంతా లైల్‌కి పోయింది. జనం అతన్ని మొదట తిట్టారు, తర్వాత జాలిపడ్డారు, ఆ పైన నెత్తిన పెట్టుకున్నారు. అతను 'ఎడమకి పోయింది' అనే పేరుతోనే హోటల్ పెడితే, రెండు ఊళ్ళవాళ్ళూ వరస కట్టి కాల్చిన పంది పక్కటెముకలు తిన్నారు. ప్రతి నవంబరులో టీవీవాళ్ళు వస్తారు. గెలిపించిన వెర్నన్ గడ్డికోత మెషిన్లు బాగుచేసుకుంటూ యాభై ఏళ్ళూ కుళ్ళుకున్నాడు. దానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు.

"మళ్ళీ ఆ వేలు పురాణం ఎత్తకు," అంది ఆర్లీన్ అతను లేస్తుంటే.

"ఇవాళ మైకు ఇస్తారట. తలా రెండు ముక్కలు చెప్పమన్నారు."

ఆట విరామంలో ఆనాటి ఆటగాళ్ళకి సన్మానం. రెండు జట్ల ముసలాళ్ళనీ మెట్ల కింది దారిలో వరసగా నిలబెట్టారు. వెర్నన్ పక్కకి లైలే వచ్చిపడ్డాడు, చుట్టూ ఫోటోలకి ఎగబడే జనంతో సహా.

"ఆ బంతి సరిగ్గా పడుంటే ఈపాటికి ఇన్సూరెన్స్ అమ్ముకునేవాణ్ణి," అంటున్నాడు లైల్. "మీరెవరూ నా మొహం చూసేవాళ్ళు కాదు."

అందరూ నవ్వారు. వెయ్యిసార్లు చెప్పిన జోకుకి ఇంకా నవ్వు పుడుతుంటే వెర్నన్ కడుపు మండిపోయింది.

జనం చెదిరాక లైల్ ఇటు తిరిగాడు. "మీది హార్మన్ జట్టు కదండీ? పేరు గుర్తు రావట్లేదు."

"వెర్నన్ క్రాట్. ఆ రోజు నీకెదురుగా ఉన్నాను. మైకులో చెప్పబోయేది ముందు నీకే చెప్తాను విను. నువ్వు సరిగ్గానే తన్నావు. నా వేలు తగిలింది. టప్ మని చప్పుడు కూడా అయింది."

లైల్ మొహం పాలిపోయింది.

వెర్నన్‌కి మొదటిసారి అతని మీద జాలి కలిగింది. పాపం, చెయ్యని తప్పు యాభై ఏళ్ళు మోశాడు. నిజం బయటపడితే తనకి పేరు వస్తుంది, ఇతని బరువూ దిగుతుంది.

"ఇది ఇంకెవరికైనా చెప్పారా?" అన్నాడు లైల్.

"చెప్పని మనిషి లేడు. నా పెళ్ళామే నమ్మదు."

"ఫోటో లాంటిదేమైనా ఉందా?"

"లేదు. నువ్వొక్కడివి నమ్మితే చాలు. ఇద్దరం కలిసి చెప్పామంటే పుస్తకం మళ్ళీ రాస్తారు."

లైల్ గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. అప్పుడే మైకులో అతని పేరు పిలిచారు. నలభై వేలమంది, ఈ రంగువాళ్ళూ ఆ రంగువాళ్ళూ, లేచి నిలబడ్డారు. అతను కోటు సర్దుకుని వెర్నన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దు వెర్నన్. ఎవరూ నమ్మరు. ఈ వయసులో నవ్వులపాలవుతావు."

"నువ్వు కూడా నమ్మవా?"

లైల్ జనం వైపు చెయ్యి ఊపుతూనే కొంచెం వంగి, అతని చెవిలో అన్నాడు.

"ఆ చప్పుడు నాకప్పుడే వినపడింది."