ఎర్ర బటన్

జిల్లా నీటి సరఫరా ఆఫీసులో నిర్ణయాలన్నీ యంత్రమే తీసుకుంటుంది. ప్రతిదానికీ ఒక మనిషి ఒప్పుకోవాలని చట్టం ఉంది కాబట్టి సత్యవేణికి ఉద్యోగం ఉంది. తొమ్మిదేళ్లుగా రోజుకి ఆరేడు వందల సార్లు ఆకుపచ్చ "సరే" బటన్ నొక్కుతోంది. పక్కనున్న ఎర్ర "కాదు" బటన్ మీద కొన్ననాటి ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది.

ముప్పై నాలుగో ఏట ఆమెకి లేహ్‌లో మంచునదుల మీద ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ ఇవాళ సాయంత్రం అయిదులోగా చెప్పాలి.

"ఏసీ గది, మెత్తటి కుర్చీ, భోజనాలయ్యాక కునుకు. ఇవన్నీ వదిలేసి ఆ చలిలోకి ఎందుకమ్మా?" అన్నాడు పక్క సీట్లో ఇంకో సెక్షన్‌కి బటన్ నొక్కే పైడిరాజు.

"అక్కడ మంచు ఇంకో పదేళ్లే ఉంటుందట, బాబాయ్."

నాలుగున్నరకి రాజీనామా పంపింది. నిమిషంలో అది తిరిగి ఆమె తెర మీదకే వచ్చింది. ఆ సెక్షన్‌లో ఒప్పుకోవాల్సిన మనిషి సత్యవేణే.

"సత్యవేణి రాజీనామా తిరస్కరించాం. కారణం: ఆమె ఇక్కడ సుఖంగా ఉంది. సరేనా?"

అలవాటు కొద్దీ వేలు ఆకుపచ్చ బటన్ మీదకి వెళ్లింది. ఎడం చేత్తో దాన్ని పట్టుకుని ఆపింది. తర్వాత గోటితో ఎర్ర బటన్ మీది పొర ఒలిచింది.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. "అమ్మా, అది నొక్కితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు."

నొక్కింది. తెర మీద "సరే" అని వచ్చింది.

"ఇంతేనా?" అన్నాడు పైడిరాజు. ఆయనకి అక్కడ ఇరవై రెండేళ్ల సర్వీసు.