తీగ తెగిన ల్యాండ్‌లైన్

"తార్ నహీ హై?" తీగ లేదా అని నాలుగోసారి అడిగాడు సదాశివరావు.

"నహీ అంకుల్‌జీ. లోపల సిమ్ ఉంటుంది, బ్యాటరీ ఉంటుంది. నంబరు మాత్రం మీ పాతదే," అని ఓపిగ్గా హిందీలో చెప్పి, ఫోను కంపెనీ మనిషి గోడ మీది పాత తీగను చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు.

సదాశివరావు కొత్త ఫోన్ని నాలుగు వైపులా తిప్పి చూశాడు. అచ్చం ల్యాండ్‌లైనే. రిసీవరు, బొత్తాలు, ఇల్లెగిరిపోయే మోత, అన్నీ ఉన్నాయి. గోడకు కట్టేసే తాడొక్కటే లేదు. పాత లైను గరగరమంటోందని గురుగ్రామ్‌లో ఉన్న అల్లుడు అర్జున్ పెట్టించిన కనెక్షను ఇది. దేవుడిలాంటి అల్లుడు.

ఆ పాత తాడుతోనే భార్య కృష్ణకుమారి ఆయన్ని లక్ష్మీ నగర్ ఇంట్లో కట్టిపడేసి వెళ్ళింది. కూతురు వైశాలికి కొత్త ఉద్యోగం రావడంతో మనవరాల్ని చూసుకోవడానికి గురుగ్రామ్ బయల్దేరుతూ, గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"తోమాసు గారింటికి పేకాటకని గడప దాటారో, ఊరుకోను. ఏ వేళప్పుడైనా ల్యాండ్‌లైన్‌కి చేస్తాను. ఎత్తలేదంటే అర్జున్ కారేసుకుని వచ్చి మిమ్మల్ని తీసుకొచ్చేస్తాడు. ఇరవయ్యో అంతస్తులో నా కళ్ళెదురుగా కూర్చుందురుగాని."

"సెల్లుకి చెయ్యరాదూ?"

"సెల్లు ఎక్కణ్ణుంచైనా అబద్ధమాడుతుంది. ల్యాండ్‌లైనుకి ఆ తెలివి లేదు."

ఇరవయ్యో అంతస్తు అనగానే సదాశివరావుకు గుండె జారిపోయింది. అక్కడ తెలుగు మాట వినపడదు, పేకముక్క కనపడదు. మోకాలి ఆపరేషన్ తర్వాత డాక్టరు బయట తిరగమంటే పొగ అనీ, కుక్కలనీ వంకలు పెట్టి సోఫాకి అతుక్కుపోయిన మనిషే, తీరా వెళ్ళొద్దనేసరికి తోమాసు ఇంటి వైపు మనసు గుంజుకుపోతోంది. ఇప్పుడేమో ల్యాండ్‌లైనుకి తెలివొచ్చింది.

మధ్యాహ్నం భోజనం కాగానే ఫోన్ని కూరల సంచీలో పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి, చేతికర్ర పుచ్చుకుని బయటపడ్డాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని కృష్ణకుమారికి తెలియదు పాపం.

రోడ్డెక్కగానే ఈ-రిక్షా వాడు ఆగాడు. ఎక్కబోయి ఆగిపోయాడు సదాశివరావు. దార్లో ఫోను మోగిందనుకో, ఆ హారన్లన్నీ కలిసి కొంప ముంచుతాయి. చేసేదేముంది, చప్పుడు లేని సందులు వెతుక్కుంటూ చుట్టుతిరుగుడు దారిలో కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు.

సగం దారిలో సంచీ మోగింది. మోగడమంటే మామూలుగానా, పాలవాడు సైకిలు దిగి చూశాడు. అదే సమయానికి పక్క సందులోంచి బ్యాండు మేళంతో పెళ్ళి ఊరేగింపొకటి ఊడిపడింది. సదాశివరావు వెనకా ముందూ చూడకుండా ఎదురుగా కనబడ్డ తలుపు తోసుకుని లోపలికి దూరాడు. అది కోచింగ్ పిల్లలు చదువుకునే రీడింగ్ రూము. గుండుసూది పడినా వినబడేంత నిశ్శబ్దం. అందరూ పుస్తకాల్లోంచి తలలెత్తి, కూరల సంచీలోంచి ఏకంగా ల్యాండ్‌లైను బయటికి తీస్తున్న పెద్దాయన్ని నోళ్ళు తెరిచి చూశారు.

"ఇంట్లోనే ఉన్నా కుమారీ," అన్నాడు రహస్యంగా.

"ఎందుకంత గుసగుస?"

"ఇప్పుడే కునుకు పట్టింది."

"ష్‌ష్," అంది మూలనున్న అమ్మాయి.

"ఎవరండీ అది?"

"కుక్కరు."

"పడుకుని కుక్కరు పెట్టారా?"

"పెట్టి పడుకున్నా."

"ఠీక్ హై, మాడనివ్వకండి," అని పెట్టేసింది. సదాశివరావు చెమట తుడుచుకుని, పిల్లలందరికీ దణ్ణం పెట్టి బయటపడ్డాడు.

ఆ రోజు పేకాటలో కూర్చున్నప్పటి ఆనందం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు. ఇక ఆయనకి పట్టపగ్గాలు లేవు. రోజూ వెళ్ళాడు. మధ్యలో తోమాసు ఇంటి ముందు డ్రైనేజీ తవ్వకాలు మొదలై యంత్రాలు రొద పెడుతుంటే, ఆటను ఇంకా అవతలున్న మూడో ఆటగాడు వెంకటసుబ్బయ్య ఇంటికి మార్చారు. సదాశివరావు అక్కడికీ నడిచాడు. ఒకరోజు చేతికర్ర అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చేశాడు. మర్నాడు తోమాసు దాన్ని చేతికిచ్చేదాకా ఆ సంగతే గుర్తు లేదు.

"రావుగారూ, మీరు పట్టుబడ్డారంటే మా ఆట కూడా ఆగిపోద్దండీ," అన్నాడు తోమాసు ముక్కలు పంచుతూ.

"ఎలా పట్టుబడతానయ్యా? ఆవిడ నమ్మేది ల్యాండ్‌లైన్ని. అది నా సంచీలో ఉంది."

అనడమే తడవు, సంచీ మోగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. వెంకటసుబ్బయ్య ఫ్యాను కూడా ఆపేశాడు.

"ఏం చేస్తున్నారు?" అంది కృష్ణకుమారి.

"ఏముంది, సోఫాలో పడున్నా. ఒళ్ళంతా తిమ్మిరెక్కిపోతోంది," అన్నాడు సదాశివరావు దిగులు గొంతుతో.

"కదలకండి మరి. జాగ్రత్త," అంది. కానీ ఫోను సరిగ్గా కట్ చేసినట్టు లేదు. గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ వెంటనే వైశాలి గొంతు.

"అమ్మా, నాన్న ఇంట్లో లేరు. నిన్న మన లైను ఎంగేజ్ వస్తే పక్కింటి ఆంటీకి చేశాను. రోజూ మధ్యాహ్నం తాళం వేసుకుని సంచీతో వెళ్ళిపోతున్నారట."

సదాశివరావు చేతిలోని పేకముక్కలు జారి కింద పడ్డాయి. ఇరవయ్యో అంతస్తు కళ్ళ ముందు గిర్రున తిరిగింది. తోమాసు కంగారుగా, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. సదాశివరావు రిసీవర్ని చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

అవతల కృష్ణకుమారి కిసుక్కున నవ్వింది.

"నడవమంటే నడవరనే కదే, ఆ ఫోను మార్పించింది."