అన్నం బలం

కామారెడ్డిలో డాక్టర్ రిపోర్టు చూసి కసిరాడు. "నరేందర్, ఈ కీటో డైట్ ఇయ్యాలనే బంద్ చెయ్. నెయ్యి, మటన్‌తోటి కొలెస్ట్రాల్ రెండింతలైంది. మొఖంల నవ్వు లేదు, నోట్ల మాట లేదు. అన్నం తిను."

నరేందర్ నీరసంగా తలూపాడు. అతని భార్య త్రివేణి చేతులు జోడించింది.

"బంద్ చేపియ్యకుండ్రి సారూ. ఇంకొన్ని దినాలు గట్లనే తిననియ్యుండ్రి."

"మొగుని పానం తీస్తవా ఏందమ్మా?"

త్రివేణి రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఎల్లారెడ్డిలో ఇంటికి రాగానే అన్నం వండి, పప్పు పోసి పెట్టింది. నరేందర్ మారు అడిగి తిన్నాడు. చాన్నాళ్లకు అతని మొహం వెలిగింది.

చెయ్యి కడుక్కొని, తలుపు గొళ్లెం పెట్టి, నడుముకు వదులైన బెల్టు విప్పాడు.

"నన్ను సంపుదామనుకున్నవానే?"

అన్నం మానిన నాటి నుంచి అతనికి చెయ్యి లేపే ఓపిక రావడం అదే మొదలు.