సముద్రపు చందువ

జ్వరం తగ్గిన పోలమ్మ చందువ పులుసు తినాలనుందని అడిగింది. వలలో పడ్డ చందువను భర్త గరగయ్య ఇంటికి తెచ్చి కత్తిపీట మీద కోశాడు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కత్తిపీటే చేప జన్యువులు చదివి, అది ఏ చెరువులో పెంచినదో చెబుతోంది. సముద్రంలో చందువలు అంతరించి చాలా ఏళ్లయింది. ఇదీ ఏదో చెరువులోంచి తప్పించుకున్నదే అనుకున్నాడు గరగయ్య.

"ఏ చెరువు చేపతోనూ పోలిక లేదు. ఇది సముద్రపు చందువ," అంది కత్తిపీట.

కత్తిపీట ఆ వివరాలు పంపిన వెంటనే పరిశోధన కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది.

"బాబాయ్, చేప బతికుందా?" అని ఒకమ్మాయి ఆత్రంగా అడిగింది.

"నేదమ్మా, కోసేసేను. కడుపు నిండా గుడ్లున్నాయి."

"అయ్యో! దాని జన్యువుల వివరాలన్నీ మాకు అందాయి. ఇక చేపతో పనిలేదు, వండుకోండి," అంది ఆ అమ్మాయి నీరసంగా.

గరగయ్య ఫోన్ పెట్టేశాడు. "పడవలో ఇంకా కొట్టుకుంటానే ఉందే. అప్పుడే సూపించాల్సింది."

"నానడక్కపోయినా బాగుణ్ణు," అంది పోలమ్మ.

పారేయడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. పులుసు వండి, ఆమెకు వడ్డించాడు.

"ఎలగుందే?"

"మాయమ్మ వండినట్టే ఉందయ్యా," అంటూ పోలమ్మ ఏడుస్తూనే కంచం ఖాళీ చేసింది.