చూస్తే ఏం కాదు

గిరి మొదట చెన్నప్ప ఫోన్‌ను బండ మీద పెట్టి గడ్డపారతో పొడిచాడు. తర్వాత ఆ ఫోన్ పట్టుకునే చేతిని.

చెన్నప్ప అరవలేకపోయాడు. నోటి నిండా నెత్తురు. ఊడిన పన్ను ఒకటి అప్పటికే చీనీ చెట్టు పాదులో పడి ఉంది.

"మా నాయన్ను సంపేదానికి ఈ చెయ్యే కదప్పా నొక్కినాది?" అన్నాడు గిరి.

"నేను నొక్కలేదురా. ఆయన నా తోడబుట్టినోడురా."

చెన్నప్ప పెండ్లాం, పేరు పెద్దక్క, మొగుడి మీద పడి అడ్డంగా కప్పుకుంది. గిరి ఆమెను కొప్పు పట్టి పక్కకు ఈడ్చాడు.

గిరి చెల్లెలు సరళ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని గట్టు మీద కూర్చుని ఉంది. అన్నను ఆపలేదు. ఆపాలని అనిపించలేదు.

కళ్యాణదుర్గం దగ్గర ఆ ఊళ్ళో వాళ్ళ నాయన మారెప్పకూ, ఆయన తమ్ముడు చెన్నప్పకూ కలిపి ఒకటే బోరు. పూటకొకరి వంతు. కరెంటు ఎప్పుడొస్తుందా అని బోరు దగ్గర కాపలా కాయలేక, ఫోన్లోంచే మోటారు వేసుకునేలా ఒక పేజీ చేసిమ్మని మారెప్ప కూతుర్ని అడిగాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి సరళ. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే వెబ్ పేజీలు చేస్తుంది.

కంపెనీలో నేర్పిన పద్ధతిలోనే చేసింది. ఫంక్షన్ అనే కోడు ముక్క ఇచ్చింది తీసుకోవాలి, ఫలితం చేతికివ్వాలి, బయట దేన్నీ ముట్టుకోకూడదు. పాత స్థితిని చెరపకూడదు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, పక్కన కొత్తది పెట్టాలి. అందుకే మోటారు ఎవరు వేశారో, ఎప్పుడు ఆపారో అంతా ఆ పేజీలో నిలిచే ఉంటుంది. తెర అడుగున ఒక గీత. దాన్ని వెనక్కి లాగితే నిన్నటి తెర నిన్నటిలాగే కనిపిస్తుంది. ఆ గీత కొత్తగా పెట్టింది.

మారెప్పకు ఇవేవీ పట్టలేదు. "పద్ధతులు తర్వాత పెట్టుకోమ్మా. నీళ్ళు వస్తాయా రావా, అది సూపీ" అని తొందర పెట్టాడు. ఆ తొందరలో మోటారుకు సిగ్నల్ పంపే కోడు లైను ఒక్కటి మాత్రం, వీలుగా ఉందని, తెరకు రంగు వేసే చోటే అతికించింది. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. నీళ్ళు వచ్చాయి. మా పాప చేసింది అని మారెప్ప ఊరంతా చెప్పుకున్నాడు.

మొన్న పొద్దున వంతు చెన్నప్పది. మధ్యాహ్నం మారెప్ప మాడిపోయిన మోటారు తీగకు టేపు చుట్టడానికి బోరు దగ్గరికి పోయాడు. ఫ్యూజు పీకాలంటే ట్రాన్స్‌ఫార్మర్ దాకా నడవాలి. ఈ పేజీ వచ్చినప్పటి నుంచి అంత దూరం ఎవరూ నడవడం లేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఆఫ్‌లో ఉండాదా పాపా?"

"ఆఫ్‌లోనే ఉండాది నాయనా" అంది ల్యాప్‌టాప్ ముందున్న సరళ.

కాసేపటికి మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. గిరి పరిగెత్తిపోయేసరికి నాయన చేతులు మణికట్టు దాకా నల్లగా కాలి ఉన్నాయి. వేళ్ళు ఇంకా తీగను వదల్లేదు. ఆయన ఫోన్లో, మోటారు వేసినప్పుడల్లా స్టార్టర్ పెట్టె దానంతటదే పంపే మెసేజీ. మోటారు ఆన్, చెన్నప్ప.

పోలీసులు కరెంటు ప్రమాదమని రాసుకొని పోయారు. గిరి ఆ మెసేజీ వాళ్ళకు చూపించలేదు. నాయన ఫోన్ తన జేబులో వేసుకున్నాడు. "ఏసినాడు. పానం పోయినంక మల్లా ఆపినాడు. ఎంత నిమ్మళంగా సేసినాడో సూడు" అని మాత్రం చెల్లెలితో అన్నాడు.

ఇప్పుడు గడ్డపార పారేసి కొడవలి తీశాడు. చిన్నాయన జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు.

"ఆగన్నా" అంది సరళ.

పెద్దక్క ఆశగా తలెత్తింది.

"నరికేది ఎట్లా ఉండనే ఉండాది. ముందు ఈ యమ్మకు చూపిస్తా. మొగుడు ఎప్పుడు నొక్కినాడో కళ్ళారా చూసి ఏడవనీ."

చెన్నప్ప నెత్తురు ఉమ్మాడు. "సూపీ పాపా. పొద్దున నా వంతుకు ఏసినా, ఆపినా. మద్దేన్నం ఫోనే ముట్టలేదు. నీ దాంట్లోనే ఉంటాది, సూపీ."

"వద్దు తల్లీ" అంది పెద్దక్క. "ఆ పాడుదాన్ని మల్లా ముట్టొద్దు. ఇంకేమైతాదో ఏమో."

"అయిపోయింది చూస్తాండా చిన్నమ్మా. చూస్తే ఏం కాదు."

సరళ గీత మీద వేలు పెట్టి వెనక్కి లాగింది. నిన్నంతా ఆఫ్. మొన్న సాయంత్రం ఆఫ్. మొన్న మధ్యాహ్నం కూడా ఆఫే. ఆమె నొసలు ముడిపడింది. ఇంకా వెనక్కి లాగింది. మొన్న పొద్దున. తెర పచ్చబడింది. ఆన్, చెన్నప్ప.

గట్టు అవతల, మనిషి లేని బోరు దగ్గర, మోటారు గుర్రుమంది.

గిరి జేబులో నాయన ఫోన్ మోగింది. కొడవలి చిన్నాయన మెడ మీదే ఉంచి ఎడం చేత్తో ఫోన్ తీశాడు. మోటారు ఆన్, చెన్నప్ప. బండ మీద పగిలిన ఫోన్ ముక్కలను చూశాడు. చితికిన చేతిని చూశాడు.

"ఎవురే ఏసినాది?" అన్నాడు చెల్లెలితో.

సరళ గీతను ముందుకు తోసింది. మోటారు ఆగిపోయింది.

మొన్న మధ్యాహ్నం, "ఆఫ్‌లోనే ఉండాది నాయనా" అని ఫోన్ పెట్టేశాక, పొద్దుటి తెరలో పచ్చరంగు సరిగా వచ్చిందో లేదో చూద్దామని, ఆమె ఇదే గీతను ఇట్లాగే వెనక్కి లాగి, మళ్ళీ ముందుకు తోసింది.