రెండో కనెక్షన్

ఆఫీసు ఇంటర్నెట్‌కు కాపలా కాసే ప్రాక్సీ వెబ్ పేజీలను తప్ప దేన్నీ బయటికి పోనివ్వదు. సర్వర్ గదిలో రాత్రి డ్యూటీ చేసే ఇంజనీరు దాని కళ్ళుగప్పి, చూడటానికి మామూలు వెబ్ పేజీలా ఉండే టన్నెల్‌ను, అంటే ఒక దొంగదారిని, ఇంటి కంప్యూటర్ దాకా వేసుకున్నాడు. పని కోసం కాదు. ఆ కంప్యూటర్ మైకులో భార్య గొంతు వినడానికి. తను లేనప్పుడు ఆమె నవ్విందంటే చాలు, ఎవడితోనోనని అతనికి అనుమానం.

ఈ రాత్రి ఆమె నవ్వుతోంది. ఏదో అంటుంది, కాసేపు ఆగుతుంది, మళ్ళీ నవ్వుతుంది. అవతలి గొంతు మాత్రం వినపడటం లేదు.

ఆగలేక ఫోన్ చేశాడు. ఒక చెవిలోని ఇయర్‌ఫోన్‌లో, ఇంట్లో ఆమె ఫోన్ మోగడం వినిపించింది.

“ఎవరితో మాట్లాడుతున్నావు?”

“నిద్రలో ఉన్నానండీ. మీకేమైంది?” అని పెట్టేసింది.

వెంటనే మళ్ళీ నవ్వింది. అంటే ఫోన్లో కాదు, ఎవడో ఇంట్లోనే ఉన్నాడు. పళ్ళు నూరుతూ అతను, టన్నెల్‌ను ఎవరు వాడుతున్నారో చూపే స్క్రీను తెరిచాడు. ఎప్పుడూ తనదొక్కటే ఉండే చోట రెండు కనెక్షన్లు ఉన్నాయి. రెండోదీ ఈ గదిలోంచే వెళ్తోంది. గది తలుపుకు లోపలి గడియ పెట్టింది తనే.

ఇయర్‌ఫోన్‌లో ఆమె గొంతు తగ్గించి అడిగింది.

“ఆయన ఇంకా వింటున్నారా?”

జవాబు ఇయర్‌ఫోన్‌లో రాలేదు. అతని వీపు వెనక, సర్వర్ల హోరులోంచి వచ్చింది.

“వింటున్నాడు.”